బ్రెడ్ మాడుతోంది, లోపల చీజ్ కరగడం లేదు: పెనం మీద గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్

రెండో_ముక్క

నమస్కారం. రెండు బ్రెడ్ ముక్కల మధ్య చీజ్ పెట్టి కాల్చడమే కదా, ఇందులో అడగడానికి ఏముంటుందని అనుకోకండి. నా పెనం మీద ఇది కుదరడం లేదు. మంట పెంచితే బ్రెడ్ నల్లబడే సమయానికి చీజ్ అంచుల్లో మాత్రమే మెత్తబడుతోంది, మధ్యలో గట్టిగానే ఉంటోంది. మంట తగ్గిస్తే బ్రెడ్ వెన్నంతా పీల్చుకుని, రంగు రాకుండా, చేత్తో పట్టుకోగానే వంగిపోతోంది.

వాడుతున్నవి ఇవి: గ్యాస్ పొయ్యి, పలుచటి నాన్‌స్టిక్ పెనం, ముందే ముక్కలుగా కోసి అమ్మే తెల్ల బ్రెడ్, చెడార్ చీజ్ గడ్డ. చీజ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కత్తితో కోసి పెడుతున్నాను, ముక్క చిటికెన వేలంత మందం ఉంటుంది. వెన్న పెనంలో వేసి, అది కరిగాక శాండ్‌విచ్ పెడుతున్నాను.

శాండ్‌విచ్ మేకర్ కొనుక్కోమని మాత్రం దయచేసి చెప్పకండి. పెనం మీదే చేయాలని ఉంది.

నిదానం

మీ వర్ణనలోనే జవాబు ఉంది. బ్రెడ్‌కు కావలసిన వేడి వేరు, చీజ్‌కు కావలసిన వేడి వేరు. బ్రెడ్ పైపొర ఎర్రగా వేగాలంటే దాదాపు 140°C దాటాలి. చెడార్ కరగడానికి 65°C చాలు. అంటే చీజ్ పని సులువే, కానీ వేడి దాని దగ్గరకు చేరాలంటే బ్రెడ్‌ను దాటి వెళ్లాలి. బ్రెడ్‌లో సగానికి పైగా గాలే. గాలి గదుల గుండా వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. మంట పెంచితే వేడి లోపలికి త్వరగా పోతుందని మనం అనుకుంటాం గానీ, త్వరగా మాడేది బయటి పొర ఒక్కటే.

కాబట్టి మంటను మధ్యస్థం కంటే కాస్త తక్కువలో ఉంచండి. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు పట్టాలి. రెండు నిమిషాల్లోపే గోధుమ రంగు వచ్చేసిందంటే మంట ఎక్కువైనట్టే. చీజ్‌ను పలుచగా కోయండి, లేదా తురమండి. అంత మందం ముక్క కరగడానికి పట్టే సమయంలో ఏ బ్రెడ్ అయినా మాడుతుంది. ఫ్రిజ్‌లోంచి పావుగంట ముందు తీసి బయట ఉంచితే ఇంకా మంచిది.

మొదటి వైపు కాలుతున్నప్పుడు పెనం మీద మూత పెట్టండి. పైనుంచి కూడా వేడి తగులుతుంది.

వెన్నముద్ద

వెన్న పెనంలో కాదండీ, బ్రెడ్‌కు రాయాలి! మెత్తబడిన వెన్నను మూలల దాకా పలుచగా పూసి, ఆ వైపు కిందికి ఉండేలా పెనం మీద పెట్టండి. పెనంలో వేసిన వెన్న ఒకచోట చేరుతుంది. అక్కడ బ్రెడ్ దాన్ని పీల్చేస్తుంది, మిగతా చోట పొడిగా మాడుతుంది. మీ శాండ్‌విచ్ వంగిపోవడానికి సగం కారణం ఇదే.

కరకర

మంట విషయంలో నిదానం గారితో ఏకీభవిస్తాను, మూత విషయంలో ఒప్పుకోను. మూత పెడితే బ్రెడ్‌లోంచి, చీజ్‌లోంచి లేచే ఆవిరి మూతకు తగిలి చుక్కలుగా మారి మళ్ళీ బ్రెడ్ మీదే పడుతుంది. కరకరలాడడం కోసమే కదా ఇదంతా? చీజ్ పలుచగా ఉంటే మూత అవసరమే రాదు. మూత పెట్టాల్సి వచ్చిందంటే లోపల చీజ్ ఎక్కువ పెట్టినట్టు.

నిదానం

మూత మొదటి వైపుకే అన్నాను. ఆ సమయంలో ఆవిరి తగిలేది ఇంకా కాలని పై ముక్కకు. తిప్పాక మూత తీసేస్తాం, ఆ ముక్క పెనానికి ఆని ఆరిపోతూ వేగుతుంది. రెండో వైపుకు కూడా మూత పెడితే మీరన్న సమస్య నిజంగానే వస్తుంది.

ఇంకొక మాట. తడి ఉన్నంతసేపు బ్రెడ్ ఉపరితలం 100°C దగ్గరే ఆగిపోతుంది. తడి ఆరాకే రంగు మొదలవుతుంది. మరీ సన్నని సెగ మీద బ్రెడ్ పాలిపోయి మెత్తగా ఉండడానికి కారణం అదే. అందుకే "వీలైనంత తక్కువ మంట" అనే సలహాను నేను ఇవ్వను. వెన్న పెనానికి తగలగానే సన్నగా చిటపటమనాలి. అసలు చప్పుడే లేకపోతే వేడి చాలలేదు. గట్టిగా చిర్రుమంటే ఎక్కువైంది.

కరకర

చీజ్ ఎక్కువ పెట్టారన్న మాటకు మాత్రం జవాబు రాలేదు.

నిదానం

చీజ్ ఎక్కువ పెట్టడం నేరం కాదు కాబట్టి ఇవ్వలేదు.

పాల_శాస్త్రం

మంట గురించి చాలినంత చెప్పారు. నాకు చెడార్ మీదే అనుమానం. రెండో_ముక్క గారూ, మీరు వాడేది ఎంత కాలం మాగబెట్టిన చెడార్? పొట్లం మీద రాసి ఉంటుంది. ఏడాదికి మించి మాగినదైతే అది తినడానికి ఎంత బాగున్నా కరగడానికి మొండికేస్తుంది.

చీజ్ అంటే కేసీన్ అనే పాల ప్రొటీన్ అల్లుకున్న వల. కొవ్వు, నీరు ఆ వలలో చిక్కుకుని ఉంటాయి, దారాలను కలిపి పట్టి ఉంచేది కాల్షియం. వేడి తగిలినప్పుడు ముందు కొవ్వు కరుగుతుంది, 32°C దాటితే చాలు. అందుకే గది వేడికే చీజ్ మీద జిడ్డు మెరుస్తుంది. ఆ తర్వాత ప్రొటీన్ల పట్టు సడలుతుంది. మోజరెల్లా వంటి మెత్తని రకాల్లో ఇది సుమారు 55°C దగ్గర, చెడార్‌లో 65°C దగ్గర, పర్మేజాన్‌లో 82°C దగ్గర జరుగుతుంది. చీజ్ "పారడం" మొదలయ్యేది అప్పుడే.

మాగుతున్న కొద్దీ చీజ్‌లో నీరు తగ్గుతుంది, ఎంజైములు ప్రొటీన్లను చిన్నచిన్న ముక్కలు చేస్తాయి. రుచి ఘాటెక్కేది దీనివల్లే. కానీ వేడి చేసినప్పుడు ఆ తెగిన ప్రొటీన్లు కొవ్వును పట్టి ఉంచలేవు. నూనె ఒకవైపు కారిపోతుంది, మిగిలింది గరుకుగా ముద్ద కడుతుంది. అలాంటి చీజ్‌కు వేడి ఇంకా పెంచితే పరిస్థితి బాగుపడదు, నూనె ఇంకా ఎక్కువ కారుతుంది.

అందుకని శాండ్‌విచ్‌కు తక్కువ మాగిన చెడార్ తీసుకోండి. గౌడా, ఫొంటీనా, గ్రుయేర్ కూడా చక్కగా కరుగుతాయి. మోజరెల్లా తీసుకుంటే గట్టి రకం కావాలి. నీళ్ళలో తేలుతూ అమ్మే తాజా మోజరెల్లాలో సగానికి పైగా నీరే, బ్రెడ్ నానిపోతుంది. మోజరెల్లా తీగలు సాగుతుంది గానీ రుచి చప్పన, దానికి తోడుగా కొంచెం ఘాటైనది కలపాలి. పాలను నిమ్మరసం వంటి ఆమ్లంతో విరగ్గొట్టి చేసే రకాలు ఎంత వేడి చేసినా కరగవు. ఆమ్లం వల్ల కాల్షియం జారిపోయి ప్రొటీన్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటాయి. వాటిని వేయించుకు తినవచ్చు గానీ ఈ పనికి పెట్టకండి.

రెండో_ముక్క

అందరికీ ధన్యవాదాలు. పొట్లం చూశాను, "18 నెలలు మాగినది" అని ఉంది. ఘాటుగా ఉంటేనే నాకు నచ్చుతుంది, అదే ఇబ్బంది. ఘాటూ పోకూడదు, కరగాలి కూడా. ఇంట్లో ప్రాసెస్డ్ చీజ్ స్లైసులు కూడా ఉన్నాయి, అవి ఇట్టే కరిగిపోతాయి. కానీ వాటిలో రుచి ఏముంది?

గడ్డ_చీజ్

ఆ స్లైసులను చీజ్ అనడమే పెద్ద మర్యాద. ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ప్లాస్టిక్. మంచి చీజ్ గడ్డ కొని, తురిమి, ఓపికగా చేయండి.

పాల_శాస్త్రం

ప్లాస్టిక్ అనడం తేలిక. కానీ అది పుట్టింది పాలు తెలిసినవాళ్ళ చేతుల్లో. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు ఎమెంటాల్ చీజ్‌ను సోడియం సిట్రేట్ అనే లవణంతో కలిపి వేడి చేసి, చెడిపోకుండా దూర ప్రాంతాలకు పంపే దారి కనిపెట్టారు. అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ తన పద్ధతికి 1916లో పేటెంట్ పొందారు. ఆ సిట్రేట్ చేసే పని ఏమిటంటే, ప్రొటీన్లను బిగించి పట్టిన కాల్షియాన్ని లాగేసుకుంటుంది. సడలిన ప్రొటీన్లు అప్పుడు కొవ్వుకూ నీటికీ మధ్య నిలబడి రెండింటినీ కలిపి ఉంచుతాయి. అందుకే ఎంత వేడి చేసినా అందులోంచి నూనె విడిపోదు.

రుచి సంగతి వేరు, అందులో గడ్డ_చీజ్ గారి మాట పూర్తిగా కాదనను. పొట్లం వెనక చదివితే కొన్నింట్లో చీజ్ శాతం బాగానే ఉంటుంది, కొన్నింట్లో నూనె, పిండి పదార్థాలే ఎక్కువ.

రెండో_ముక్క గారికి పనికొచ్చే కిటుకు ఇది. ఒక ప్రాసెస్డ్ స్లైసు పెట్టి, దాని మీద మీ 18 నెలల చెడార్ తురుము చల్లండి. స్లైసులో ఉన్న సిట్రేట్ పక్కనున్న చెడార్‌కు కూడా కొంత సాయం చేస్తుంది. ఘాటు చెడార్‌ది, కరుగుదల స్లైసుది.

గడ్డ_చీజ్

కాల్షియం కథ బాగుంది. నా శాండ్‌విచ్‌లోకి మాత్రం రానివ్వను. గ్రుయేర్ సగం, ఘాటు చెడార్ సగం కలిపి తురమండి, సిట్రేట్ లేకుండానే పని జరుగుతుంది. తురుము ఇంట్లోనే చేయండి. ముందే తురిమి అమ్మే పొట్లాల్లో ముక్కలు అతుక్కోకుండా పిండి పదార్థమో, సెల్యులోజ్ అనే మొక్కల పీచో చల్లుతారు. అది కరిగేటప్పుడు తురుము ఒకదానితో ఒకటి కలవనివ్వదు.

మేయో_పక్షం

ఇంతసేపూ ఎవరూ ఎత్తలేదు గనుక నేనే ఎత్తుతాను. వెన్న వదిలేయండి, బ్రెడ్ బయటి వైపు మేయొనైజ్ రాయండి. ఫ్రిజ్‌లోంచి తీసినా మెత్తగానే ఉంటుంది, చల్లటి వెన్నలా బ్రెడ్‌ను చీల్చదు. మూలమూలకూ ఒకే మందంలో పడుతుంది. అందులో ఉన్నది నూనె, గుడ్డు సొన, కొంచెం వెనిగర్. గుడ్డులోని ప్రొటీన్ వల్ల రంగు సమానంగా వస్తుంది. వెన్నలోని పాల పదార్థంలా త్వరగా మాడదు.

వెన్నముద్ద

రంగు వస్తుంది, ఒప్పుకుంటాను. వాసన ఎక్కడిది? వెన్నలో 80 శాతానికి పైగా కొవ్వు, మిగిలిన దాంట్లో చాలా వరకు నీరు, కాస్త పాల పదార్థం. ఆ కాస్త పాల పదార్థం వేగినప్పుడు వచ్చే కమ్మటి వాసనే ఈ శాండ్‌విచ్‌కు ప్రాణం. మేయొనైజ్ రాసిన శాండ్‌విచ్ చూడడానికి బొమ్మలా ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే వేయించిన నూనె రుచి.

మేయో_పక్షం

వెనిగర్ పులుపు కొంచెం తగిలి చీజ్ జిడ్డును తగ్గిస్తుంది. దాన్ని నూనె రుచి అంటే ఎలా?

ఇనుప_పెనం

ఇద్దరూ ఆగండి. బయట మేయొనైజ్ పలుచగా రాసి, పెనంలో చిన్న వెన్న ముక్క వేస్తే రెండూ దొరుకుతాయి. మాడుతుందన్న భయం ఉంటే నెయ్యి ఉంది. వెన్న 150 నుంచి 175°C మధ్యలో పొగలు కక్కుతుంది, పాల పదార్థం తీసేసిన నెయ్యి సుమారు 250°C దాకా తట్టుకుంటుంది. అయితే నెయ్యి తట్టుకుంది కదా అని మంట పెంచితే బ్రెడ్ తట్టుకోదు, అది మరిచిపోకండి.

అసలు మాట పెనం గురించి. పలుచటి పెనం మంట తగిలిన చోట మాత్రమే కాలుతుంది. శాండ్‌విచ్ మధ్యలో నల్లటి వలయం, అంచుల్లో తెలుపు వస్తున్నాయంటే తప్పు మీది కాదు, పెనానిది. పోత ఇనుప పెనం వేడెక్కడానికి ఐదు నిమిషాల పైనే తీసుకుంటుంది, ఒకసారి వేడెక్కితే చల్లటి శాండ్‌విచ్ పెట్టినా దాని వేడి పడిపోదు. సన్నని మంట మీద ముందే వేడి చేసుకోవాలి. దానిలో ఉన్న చిక్కు కూడా ఇదే, వేడి ఎక్కువైతే మంట తగ్గించినా వెంటనే మాట వినదు. పొయ్యి మీద నుంచి దించాల్సిందే.

పలుచటి నాన్‌స్టిక్కే ఉంటే మాత్రం ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదలకండి. 260°C దాటితే ఆ పూత విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది, ఖాళీ పెనం అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. శాండ్‌విచ్‌ను మధ్యమధ్యలో పెనం మీద కాస్త తిప్పుతూ జరుపుతూ ఉంటే రంగు సమానంగా వస్తుంది.

కరకర

రెండో_ముక్క గారూ, మీ సమస్యకు నా దృష్టిలో అసలు పరిష్కారం ఇంకొకటి ఉంది. ఇప్పటిదాకా అందరూ బయటి నుంచి లోపలికి వేడి ఎలా పంపాలా అని ఆలోచిస్తున్నారు. లోపలి నుంచే మొదలుపెట్టండి.

రెండు బ్రెడ్ ముక్కలకూ ఒక్కో వైపే వెన్న రాసి, ముందు ఆ వైపు మాత్రమే పెనం మీద దోరగా కాల్చండి. వాటిని తిరగేసి, కాలిన వేడి వైపు మీద వెంటనే చీజ్ వేయండి, రెండో ముక్కను కాలిన వైపు లోపలికి వచ్చేలా మూయండి. ఇప్పుడు బయటి వైపులకు వెన్న రాసి మామూలుగా కాల్చండి. చీజ్ పైనా కిందా వేడి బ్రెడ్‌నే తాకుతుంది కాబట్టి శాండ్‌విచ్ పెనం మీద పడే లోపే మెత్తబడడం మొదలవుతుంది. మూత అక్కరలేదు. లోపలి పొర కూడా కాలి ఉంటుంది గనుక కరిగిన చీజ్ తడికి బ్రెడ్ నానదు.

పని రెండింతలు అంటారేమో. రెండు మూడు నిమిషాలు ఎక్కువ, అంతే.

నిదానం

ఈ పద్ధతి మంచిదే, కాదనను. ఒక్కటే అభ్యంతరం, నాలుగు వైపులా కాలితే బ్రెడ్ మరీ బిరుసెక్కుతుంది. బయట కరకర, లోపల మెత్తదనం, ఆ తేడా నాకు కావాలి. పలుచటి బ్రెడ్‌తో అయితే ఇది బిస్కెట్టే. మందపాటి ముక్కలతో ప్రయత్నించండి.

కరకర

బిస్కెట్ అయినా కరగని చీజ్ కంటే నయం.

తీపి_బ్రెడ్

బ్రెడ్ గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి? పొట్లం వెనక పదార్థాల వరుస చదవండి. మెత్తగా తియ్యగా ఉండే తెల్ల బ్రెడ్‌లో చక్కెర, ఒక్కోసారి పాలపొడి కూడా ఉంటాయి. చక్కెరా ప్రొటీనూ కలిసి వేడికి రంగు తెచ్చుకునే చర్యకు, దాన్ని 1912లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరే పెట్టారు. ఆ సరుకు ఎంత ఎక్కువ ఉంటే అంత త్వరగా నల్లబడుతుంది. మీ బ్రెడ్ తియ్యటిదైతే మంట ఇంకా తగ్గించాలి.

పుల్లటి పిండితో చేసిన సోర్‌డో బ్రెడ్‌కు నెమ్మదిగా రంగు వస్తుంది, చీజ్‌కు సమయం దొరుకుతుంది. కానీ పెద్ద పెద్ద రంధ్రాలున్నది తీసుకుంటే చీజ్ వాటిలోంచి కారి పెనానికి అంటుకుంటుంది. సన్నటి గదులున్న గడ్డ చూసుకోండి. ఒక రోజు నిలవున్న బ్రెడ్ తాజాదానికంటే మేలు, కొంత ఆరి ఉంటుంది కాబట్టి వెన్నను పీల్చి ముద్ద కాదు. ముక్క మందం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు. ఇంట్లో కోసుకుంటే రెండు చివర్లా ఒకే మందం రావడం కష్టం, ఎత్తుగా ఉన్న వైపే పెనానికి తగులుతుంది. బ్రెడ్‌ను యంత్రంతో కోసి అమ్మడం మొదలైంది 1928 జులై 7న, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో చిల్లికాతీ అనే ఊళ్ళో. యంత్రం చేసినవారు ఒట్టో రోవెడర్. గ్రిల్డ్ చీజ్ ఇష్టపడేవాళ్ళు ఆయనకు ఒక దండం పెట్టుకోవచ్చు.

ఓవెన్_వాది

ఒకరిద్దరికైతే పెనం సరే. ఆరుగురికి చేయాల్సి వస్తే? మొదటిది అందుకున్నవాళ్ళు తిని లేచేసరికి కూడా చివరిది పెనం మీదే ఉంటుంది. ఓవెన్‌ను 220°C కి వేడి చేసి, ట్రేను కూడా లోపలే పెట్టి వేడెక్కనివ్వండి. వెన్న రాసిన శాండ్‌విచ్‌లు దాని మీద పరిచి, ఐదారు నిమిషాల తర్వాత తిరగేసి, ఇంకొక నాలుగైదు నిమిషాలు ఉంచండి. వేడి అన్ని వైపుల నుంచీ తగులుతుంది కాబట్టి చీజ్ కరగడం లేదనే ఫిర్యాదే ఉండదు.

ఎయిర్ ఫ్రయర్‌లో 180°C దగ్గర ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. కానీ అందులోని ఫ్యాను గాలికి పై బ్రెడ్ ముక్క లేచి పోతుంది. టూత్‌పిక్ గుచ్చండి, తినేముందు తీయడం మరవకండి.

రెండో_ముక్క

చేసి చూశాను. నిదానం గారి మంట, వెన్నముద్ద గారి వెన్న, పాల_శాస్త్రం గారి స్లైసు మీద తురుము. మొదటి వైపుకు మూత, తిప్పాక తీసేశాను. చీజ్ చివరిదాకా కరిగింది! రంగు కూడా సమానంగా వచ్చింది.

ఇప్పుడు ఇంకొక సంగతి. చీజ్ అంచుల్లోంచి కారి పెనం మీద పడి గట్టిపడింది. అడుగు కూడా పళ్ళెంలో పెట్టిన రెండు నిమిషాలకే మెత్తబడింది. వీటికి ఏమైనా ఉపాయం ఉందా?

ఇనుప_పెనం

కారి గట్టిపడిన ఆ ముక్కను పారేయలేదు కదా? శాండ్‌విచ్‌లో అన్నిటికంటే రుచైన భాగం అది. కావాలనే చేసేవాళ్ళు ఉన్నారు, చివర్లో పెనం మీద పర్మేజాన్ తురుము పలుచగా చల్లి, దాని మీద శాండ్‌విచ్‌ను ఒక నిమిషం ఉంచితే చీజే పైపొరగా మారి కరకరలాడుతుంది. వద్దనుకుంటే తురుమును అంచు దాకా పరచకండి, చుట్టూ ఒక సెంటీమీటరు వదలండి. కరిగాక అదే పాకుతుంది. అట్లకాడతో గట్టిగా అదమకండి, మెల్లగా ఒకసారి ఒత్తితే చాలు.

వెన్నముద్ద

అడుగు మెత్తబడేది పళ్ళెం వల్ల. వేడి శాండ్‌విచ్ కింద ఆవిరి బయటికి పోలేక బ్రెడ్‌లోకే తిరిగి వెళుతుంది. తీగల జాలీ మీద ఒక నిమిషం నిలపండి, అది లేకపోతే రెండు చెంచాలు పరిచి వాటి మీద ఆనించండి. ఆ నిమిషంలో చీజ్ కూడా కొంచెం చిక్కబడుతుంది, కోసినప్పుడు బయటికి దూకదు. రంపపు పళ్ళున్న కత్తితో కోయండి. నాలుక కాలకుండా ఉండడానికి కూడా ఆ ఆగడం అవసరం, కరిగిన చీజ్ నోట్లో అంటుకుని వదలదు.

ఆకుపచ్చ

మధ్యలో టమాటా పెట్టుకోవచ్చా? నేను పెట్టినప్పుడల్లా లోపలంతా నీళ్ళే.

గడ్డ_చీజ్

పెట్టుకోవచ్చు. గింజల గుజ్జు తీసేసి, పలుచగా కోసి, ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచి గుడ్డతో అద్దండి. చీజ్‌ను రెండు ముక్కల మీదా పరిచి టమాటాను వాటి మధ్యలో ఉంచండి, బ్రెడ్‌ను తాకకూడదు. ఉల్లిపాయ అయితే ముందే ఎర్రగా వేయించి చల్లార్చాలి. ఏది పెట్టినా పలుచగా ఒకే వరుస. లోపల సరుకు పెరిగిన కొద్దీ వేడి దాటాల్సిన దూరం పెరుగుతుంది.

ఆకుపచ్చ

ధన్యవాదాలు. ఇంకొకటి. మేము శాకాహారులం. చీజ్ గడ్డ కట్టించడానికి దూడ కడుపులోంచి తీసిన ఎంజైము వాడతారని విన్నాను. అన్నింట్లోనూ అంతేనా?

పాల_శాస్త్రం

అన్నింట్లో కాదు. ఆ ఎంజైము పేరు రెనెట్. సూక్ష్మజీవుల నుంచి తీసినదీ ఉంది. దూడ ఎంజైములోని కైమోసిన్‌ను సూక్ష్మజీవులతో తయారుచేయించే పద్ధతికి అమెరికాలో 1990లో ఆమోదం వచ్చింది, ఇప్పుడు చాలా చీజ్‌లకు అదే వాడుతున్నారు. పొట్లం మీద శాకాహార రెనెట్ అనో, సూక్ష్మజీవుల రెనెట్ అనో రాసి ఉన్నది చూసుకోండి. అసలైన ఇటలీ పర్మేజాన్‌కు (పార్మిజానో రెజానో) మాత్రం దూడ రెనెట్టే వాడాలని నియమం, కాబట్టి పైన ఇనుప_పెనం గారు చెప్పిన పైపొర కోసం శాకాహార రెనెట్‌తో చేసిన గట్టి చీజ్ వెతుక్కోవాలి.

మొక్కల_పాలు

పాలు పడనివాళ్ళ కోసం ఒక మాట. లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, ఒక్కటే సమస్య అయితే బాగా మాగిన చీజ్‌లో అది చాలా తక్కువగా ఉంటుంది. పాల ప్రొటీనే పడకపోతే ఏ మాగిన చీజూ పనికిరాదు. కొబ్బరి నూనె, పిండి పదార్థాలతో చేసే చీజ్‌లలో కేసీన్ ఉండదు గనుక అవి ఈ చీజ్‌లా కరగవు. వాటికి ఆవిరి కావాలి. పెనం అంచున అరచెంచా నీళ్ళు చల్లి వెంటనే మూత పెట్టండి, నిమిషంలో మెత్తబడతాయి. తర్వాత మూత తీసి బ్రెడ్‌ను మళ్ళీ ఆరనివ్వండి. ఇక్కడ కరకర గారు మూతకు అభ్యంతరం చెప్పరనుకుంటాను.

కరకర

చెప్పను. కేసీన్ లేనివాళ్ళకు మినహాయింపు.

రెండో_ముక్క

మధ్యాహ్నానికి డబ్బాలో పట్టుకెళితే ఎలా ఉంటుంది? మైక్రోవేవ్‌లో వేడి చేస్తే బ్రెడ్ రబ్బరులా సాగుతుందని ఇంట్లో అంటున్నారు.

ఓవెన్_వాది

ఇంట్లోవాళ్ళు సరిగ్గానే చెప్పారు. మైక్రోవేవ్ బ్రెడ్‌లోని నీటిని వేడి చేసి మెత్తబరుస్తుంది, చల్లారగానే అది తోలులా బిగుస్తుంది. వేడి వేడిగా డబ్బాలో మూసినా ఆవిరికి నానిపోతుంది. కాల్చకుండానే పట్టుకెళ్ళండి. బయటి వైపులకు వెన్న రాసి, లోపల చీజ్ పెట్టి, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచి తీసుకెళితే, అక్కడ పొయ్యి ఉంటే పెనం మీద ఏడెనిమిది నిమిషాల పని.

నిదానం

కాల్చినదే మిగిలితే పొడి పెనం మీద, సన్నని సెగన, మూత పెట్టి ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. కొత్తగా వెన్న వేయకండి, ఉన్నది చాలు. చివరి అర నిమిషం మూత తీయాలి.

మేయో_పక్షం

మేయొనైజ్ రాసినది రెండోసారి వేడి చేసినా బాగుంటుంది. చెప్పడం నా ధర్మం.

వెన్నముద్ద

రెండోసారి వేడి చేయడానికి మిగిలిందంటేనే తెలుస్తోంది కదండీ.